షాడోకి సెలవుండదు

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం చలి.

మే నెలలో గవ్వలపాలెంలో కూర్చుని చలికి భయపడతానంటే మా వీధివాళ్లే నవ్వుతారు. ఇక్కడ మిట్టమధ్యాహ్నం రేవు ఇసకలో చెప్పుల్లేకుండా నడిస్తే అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. అయినా నాకు భయమే. మా పండు పుట్టిన నెలకే దానికి నిమ్ము చేసింది. పెద్దాసుపత్రిలో గాజుపెట్టెలో డొక్కలెగరేస్తూ పడుకున్న పిల్లని చూసినదాన్ని. అప్పట్నుంచి పక్కింట్లో ఎవరు తుమ్మినా నా గుండె జారిపోతుంది. ఫ్యాను రెండో నంబరు దాటనివ్వను. పిల్ల తల తడిస్తే అది ఆరేదాకా నేను అన్నం ముట్టను.

అలాంటిదానికి దేవుడిచ్చిన మొగుడు ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు.

మా ఆయన పేరు నూకరాజు. చేపల రేవు పక్కన మునిసిపాలిటీవారి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే పని, కాంట్రాక్టు మీద. ఇంటికొచ్చాక ముందు పిల్లని ముట్టుకోనివ్వను. పొయ్యి దగ్గర చేతులు కాచుకోవాలి. కాచుకున్న చేతుల్ని నా బుగ్గకి ఆనించాలి. నేను సరే అన్నాకే ఎత్తుకోవాలి. "మా సూపర్వైజరు కూడా నన్నిలా చెక్ చెయ్యడే" అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే కాచుకునేవాడు.

అలా మా మానాన మేముంటే, జిల్లాలో ఒక సమీక్ష జరిగింది.

పై నుంచి వచ్చిన అధికారి ఒకాయన లెక్కలు తిరగేస్తూ, జిల్లా మొత్తంలో ఐసు ఎక్కువ తయారయ్యేది గవ్వలపాలెంలో అని గమనించారట. తలెత్తి, "ఇంత ఐసు ఉన్న చోట ఐసు హాకీ ఎందుకు లేదు?" అని అడిగారట. ఆ ఐసు చేపలకండీ అని మా మునిసిపల్ కమిషనర్ శేషావతారం గారు చెప్పి ఉండొచ్చు. కానీ ఆ అధికారి అడిగింది చేపల గురించి కాదు కదా. అడగనిదానికి జవాబు చెప్పడం సర్వీసు పద్ధతి కాదు. అందుకని "పరిశీలనలో ఉంది సార్" అన్నారు. లెక్కలో రెండో స్థానంలో ఉన్న కొండ్రేవు మునిసిపాలిటీ కమిషనర్ని కూడా అదే అడిగితే ఆయనా అదే అన్నారు. ఇద్దరూ తలో మాటా అనేశాక ఇంక ఆట పుట్టక తప్పలేదు.

ఆ వారంలోనే ఫ్యాక్టరీ పెద్ద షెడ్డులో ఐసు దిమ్మలన్నీ నేలమీద పరిచి, మీద నీళ్లు కొట్టి, మైదానం చేశారు. రేవులో చేపలు ఎండలో ఉండిపోయాయి. ఊరంతా ముక్కు మూసుకుని తిరుగుతుంటే, "క్రీడాభివృద్ధి తొలిదశలో కొంత వాసన సహజం" అని మైకులో చెప్పించారు.

కాళ్లకి కత్తుల బూట్లు కావాలి. అవి ఎక్కడ దొరుకుతాయో ఎవరికీ తెలీదు. తెలీదని పైకి రాయడానికి వీల్లేదు. అందుకని చేపల బజారులో ఆడవాళ్ల కత్తిపీటలన్నీ తీసుకెళ్లి, పీటలు ఊడగొట్టి, ఆ కత్తుల్ని రబ్బరు బూట్ల కింద బిగించారు. మా అత్త అచ్చియ్యమ్మది రెండు తరాల కత్తిపీట. అది మునిసిపాలిటీ హెడ్ క్లర్కు కుడికాలికి వెళ్లింది.

"ఒలే సుగుణా, నా కత్తి మీద ఆ బావు నిలబడతాడేటే? వంజరం ముక్క కొట్టడానికే దానికి పదును సాలట్లేదు, ఆడి బరువు ఆగుద్దా?" అంది అత్త.

ఆగలేదు. హెడ్ క్లర్కు గారు మొదటిరోజే వెల్లకిలా పడ్డారు. తర్వాత శానిటరీ ఇన్‌స్పెక్టరు కృపారావు గారు పడ్డారు, ఆయన్ని లేపబోయి ఇద్దరు బంట్రోతులు పడ్డారు. పడకుండా నిలబడ్డది ఒక్క మా ఆయనే. పొద్దస్తమానం ఐసు మీద ఉండే మనిషి, ఆయనకి అందులో వింతేం లేదు. కానీ కమిషనర్ గారు చూశారు. చూసి, "జట్టులోకి తీసుకోండి. ఆడితే పర్మనెంటు చేద్దాం" అన్నారు.

పర్మనెంటు అన్న మాట ఇంటికి తెచ్చిన రోజు మా ఆయన చేతులు కాచుకోవడం మర్చిపోయాడు. నేనూ అడగడం మర్చిపోయాను. తర్వాత గుర్తొచ్చి పిల్ల వీపు తడుముతూ చాలాసేపు కూర్చున్నాను.

ఆట గురించిన పుస్తకం ఎక్కడినుంచో తెప్పించారు. దాన్ని చదివి వివరించే సభ షెడ్డు ముందర పెట్టారు. జట్టువాళ్ల కుటుంబాలు కూడా రావాలన్నారు. నేను పిల్లకి స్వెట్టరు, కోతిటోపీ వేసి, అత్త శాలువా చుట్టి తీసుకెళ్లాను. నేను తొమ్మిదో తరగతిలోనే బడి మానేసినదాన్ని. పెద్ద చదువుల మాటలు వస్తే అందుతాయో లేదో అనుకున్నాను. అంతా అందింది. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

"ఈ క్రీడయందు ఫార్వర్డులని ఒక తరగతి కలదు" అన్నారు కమిషనర్ గారు. "ఫార్వర్డ్ అనగా మనకు కొత్త కాదు. వచ్చిన కాగితాన్ని తదుపరి వారికి పంపుట. అయితే వీరిలో డిఫెన్సివ్ ఫార్వర్డులని ఒక ఉత్తమ తరగతి కలదు. అనగా ఆ కాగితం తిరిగి తమ మీదకు రాకుండా పంపువారు."

సిబ్బంది అంతా నిటారుగా కూర్చున్నారు.

"వీరు గోలు కొట్టలేదేమని ఎవరూ అడగరు. గోలు పడకుండా చూశారా లేదా అన్నదే పరిగణన. సూక్ష్మంగా చెప్పాలంటే, ఏమీ జరగకపోవడమే వీరి కార్యసాధన."

హెడ్ క్లర్కు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "సార్, సర్వీసంతా ఇదే ఆడాం. పేరు తెలీలేదంతే" అన్నారు.

అక్కడికక్కడే తీర్మానం అయిపోయింది. గవ్వలపాలెం జట్టులో అందరూ డిఫెన్సివ్ ఫార్వర్డులే. గోలు దగ్గర కాపలా కాసేవాడితో సహా.

మా ఆయన చెయ్యెత్తాడు. "సార్, మరి గోలెవరు కొడతారండి?"

"గోలు కొట్టు అంశం ఉత్తర్వులో ప్రస్తావించబడలేదు" అన్నారు కమిషనర్ గారు.

ఆ డిఫెన్సివ్ ఫార్వర్డుల్లో మళ్లీ రకాలున్నాయి. ఎవరెవరు ఏ రకమో అప్పుడే తేల్చారు. చెకర్ అని ఒకడుంటాడు. పుస్తకంలో వాడు ఎదుటివాడి ముందుకెళ్లి, భుజంతో గుద్ది, ఆపేవాడు. మా ఊళ్లో చెక్ చెయ్యడమంటే ఇన్‌స్పెక్షను కాబట్టి ఆ పని శానిటరీ ఇన్‌స్పెక్టరు కృపారావు గారికి ఇచ్చారు. గ్రైండర్ అని ఇంకోడు. గోడవారన నలిగి నలిగి, ఎదుటివాణ్ని నలగ్గొట్టి అలసిపోయేలా చేసేవాడు. దీనికి బస్టాండు దగ్గర ఇడ్లీ కొట్టాయన్ని పిలిచారు, గ్రైండరున్నది ఆయనకే కాబట్టి. ఆయన గ్రైండరు రిక్షాలో వేసుకుని వచ్చి, ప్లగ్గు ఎక్కడుందని అడిగాడు. పెనాల్టీ కిల్లర్ అన్నదాని దగ్గర కాసేపు ఆగారు. తమవైపు ఒక మనిషి తక్కువైనప్పుడు గోలు పడకుండా కాలం గడిపేవాడట. కాలం గడపడానికి పోటీ ఎక్కువైంది గానీ, చంపడమన్న మాట మునిసిపాలిటీకి తగదని "అపరాధ ఉపశమన సహాయకుడు" అని పేరు మార్చి పన్నుల విభాగానికి ఇచ్చారు.

టూ-వే ఫార్వర్డ్ అన్నప్పుడు మాత్రం సభలో తోపులాట జరిగింది. అటు కొట్టడానికీ ఇటు కాయడానికీ రెండువైపులా ఉండేవాడని పుస్తకం. రెండువైపులా అన్నది విన్నారు, మిగతాది వినలేదు. టౌన్ ప్లానింగు వాళ్లు మాకంటే మాకని కుర్చీలు ఎక్కారు. చివరికి ఆ స్థానం ప్రస్తుతానికి ఖాళీగా ఉంచి, బాధ్యతలు కమిషనర్ గారే అదనంగా చూస్తారని తేల్చారు.

షాడో మిగిలింది. ఎదుటి జట్టులో గట్టివాణ్ని పట్టుకుని నీడలా అంటిపెట్టుకోవాలి. వాడు కదిలితే కదలాలి, ఆగితే ఆగాలి. బంతి ఎటుపోయినా చూడకూడదు, వాణ్నే చూడాలి. బంతంటే బంతి కాదు, నల్లగా అప్పచ్చిలా ఉంటుంది. పక్ అంటారట. ఇది కష్టమైన పని, సెలవు పెట్టుకునే హక్కున్న వాళ్లెవరూ ఒప్పుకోలేదు. మా ఆయనకిచ్చారు.

"వదలొద్దు నూకరాజూ" అన్నారు కమిషనర్ గారు. "నువ్వు వదిలిన క్షణం గోలు. గోలు పడిన క్షణం నీ పర్మనెంటు సంగతి మేమేమీ చెప్పలేం."

"సచ్చినా వదలనండి" అన్నాడు మా ఆయన. ఆ మాట నాకు నచ్చలేదు. ఇంటికి వచ్చేదాకా దారంతా మనసులో దాన్ని వెనక్కి తీసుకుంటూనే నడిచాను.

పోటీ రోజు కొండ్రేవు జట్టు లారీలో దిగింది. వాళ్లకీ అదే పుస్తకం వెళ్లిందని అప్పుడు తెలిసింది. వాళ్లందరూ కూడా డిఫెన్సివ్ ఫార్వర్డులే. వాళ్ల షాడో పేరు దానియేలు. అక్కడి ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే మనిషి, కాంట్రాక్టే. ఐసు మీద పడకుండా నిలబడగలిగేవాడు వాళ్లలో అతనొక్కడే. కనక మాలో గట్టివాడెవడని వాళ్లు చూసి దానియేలుని మా ఆయన మీద పెట్టారు. వాళ్లలో గట్టివాడెవడని మావాళ్లు చూసి మా ఆయన్ని దానియేలు మీద పెట్టారు.

ఈల ఊదారు. మా ఆయన దానియేలు కదులుతాడేమోనని చూస్తూ నిలబడ్డాడు. దానియేలు మా ఆయన కదులుతాడేమోనని చూస్తూ నిలబడ్డాడు.

మిగతావాళ్ల మధ్య పక్ తిరిగింది. హెడ్ క్లర్కు గారి దగ్గరికి వస్తే "తగు చర్య నిమిత్తం" అని కొండ్రేవు సూపరింటెండెంటు వైపు తోశారు. ఆయన "ఇది మా పరిధిలోనిది కాదు" అని వెనక్కి తోశారు. కృపారావు గారు ఎదురొచ్చిన ప్రతివాణ్నీ ఆపి గోళ్లు చూపించమన్నారు. ఇడ్లీ కొట్టాయన గోడవారన గ్రైండరు తిప్పుతూనే ఉన్నాడు. పాపం, ఆ పక్ చివరికి మధ్యలో ఒకచోట ఆగి, ఐసుకి అతుక్కుపోయింది. దాన్ని కదపడానికి ఏ ఒక్కరూ ముందుకు రాలేదు. కమిషనర్లిద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఒకరికొకరు కరచాలనం చేసుకున్నారు. అంత సంతృప్తికరమైన ఆట తాము చూడలేదన్నారు.

అప్పుడు నా ఒళ్లో ఉన్న మా పండు వాళ్ల నాన్నని చూసింది. శాలువాలోంచి చెయ్యి బయటికి తీసి "నా" అంది. ఆయన ఇటు తిరగలేదు, తిరగకూడదు కదా. పిల్ల ఇంకోసారి అంది. తిరగలేదని దానికి కోపమొచ్చి చేతిలో ఉన్న రబ్బరు బంతి విసిరేసింది.

బంతి ఐసు మీద మెల్లిగా జారింది. అందరి మధ్యనుంచి జారింది. అందరూ పక్‌ని కాస్తున్నారు, దీన్నెవరూ చూళ్లేదు. కొండ్రేవు గోలు దగ్గర నిలబడ్డాయన మాత్రం చూశాడు. వంగి, అది పక్ కాదని నిర్ధారించుకుని, "ఇది నా సబ్జెక్టు కాదు" అని పక్కకి తప్పుకున్నాడు. బంతి లోపలికి వెళ్లి వలకి తగిలి ఆగింది.

ఊరంతా చప్పట్లు కొట్టారు. మా అత్త విజిలేసింది. నాకు మాత్రం మా ఆయన ఇక బయటికొచ్చేస్తాడని, ఇంటికెళ్లి చేతులు కాచుకుంటాడని, అదొక్కటే ఆనందం.

కమిషనర్ గారి మొహం తెల్లబోయింది. "ఎవరు కొట్టమన్నారు?" అన్నారు. డిఫెన్సివ్ ఫార్వర్డుల జట్టు గోలు కొట్టిందంటే ఉత్తర్వుకి విరుద్ధం. రేపు ఆడిట్ అభ్యంతరం వస్తుంది. గోలు పడిన కొండ్రేవువాళ్లకి అంతకన్నా భయం. ఇద్దరు కమిషనర్లూ కలిసి విచారణ సంఘం వేశారు. విచారణ తేలేదాకా "యథాతథ స్థితి కొనసాగించవలెను" అని మైకులో చదివారు.

యథాతథ స్థితి అంటే ఎవరెక్కడున్నారో అక్కడే ఉండటం. పర్మనెంటు ఉద్యోగులు జేబుల్లోంచి సెలవుచీటీలు తీశారు. హెడ్ క్లర్కు గారు నడుంనొప్పి సెలవు, కృపారావు గారు జలుబు సెలవు. ఇడ్లీ కొట్టాయన ఉద్యోగే కాదు కాబట్టి గ్రైండరు కడుక్కుని వెళ్లిపోయాడు. కాంట్రాక్టువాళ్లకి సెలవుండదు. మైదానంలో మా ఆయనా దానియేలూ మిగిలారు.

మర్నాడు పొద్దున్న మా గుమ్మంలో బిల్ కలెక్టరు అప్పలస్వామి గారు గొడుగుతో నిలబడి ఉన్నారు. నీళ్ల పన్నుకేమో అనుకున్నాను.

"పన్నుకి కాదు చెల్లెమ్మా. పాపకి షాడోగా వేశారు నన్ను" అన్నారాయన, తల దించుకుని.

"మా పిల్లకా?"

"అనధికార ఎటాకింగ్ ఫార్వర్డ్ అని రాశారు. ఇంకో గోలు కొట్టకుండా చూడాలట. పాప ముందుకి కదిలితే నేను అడ్డం నిలబడాలి. అంతే. కొట్టను, తిట్టను."

"మీకు జలుబుందా?" అని అడిగాను.

"లేదమ్మా."

"ఒకసారి దగ్గండి."

దగ్గారు. ఛాతీలో ఏం లేదు. లోపలికి రమ్మన్నాను.

అత్త ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఏటి బాబూ, ఎదిగిన మగోడివి, ఉగ్గు తాగే గుంటకి కాపలానా?"

"డ్యూటీ అమ్మా" అన్నారాయన.

మంచి మనిషే. ఉయ్యాల ఊపుతారు, ఫ్యాను ఒకటో నంబరుకి తగ్గిస్తారు. కానీ అప్పుడే పండు గోడ వదిలి అడుగులేసే వయసు. అది ముందుకి ఒక అడుగేస్తే ఆయన వచ్చి ఎదురుగా నిలబడతారు. పిల్ల ఆయన మోకాళ్లు చూసి ఆగిపోతుంది. పక్కకి తిరిగి అడుగేస్తే అక్కడా ఆయన మోకాళ్లే. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నా వైపు చూసేది. "క్షమించు తల్లీ" అనేవారాయన, జరగకుండా.

కమిషనర్ గారి దగ్గరికి వెళ్లాను. పిల్లని అత్త దగ్గర వదిలి వెళ్లాను.

"అయ్యా, మా ఆయన్ని ఒక్కసారి చూసొస్తానండి. మఫ్లరిచ్చి వచ్చేస్తాను."

"చూచుట అనగా?"

"ఎలా ఉన్నాడో చూడ్డమండి. చెయ్యి పట్టుకుని, చల్లగా ఉందో వెచ్చగా ఉందో."

"అనగా చెక్ చేయుట" అన్నారు కమిషనర్ గారు. "ఆటగాడిని చెక్ చేయు అధికారం చెకర్‌కి మాత్రమే కలదు. కృపారావు గారు జలుబు సెలవులో ఉన్నారు. పైగా మీరు గోలు కొట్టిన పక్షం వారు. లోపలికి అనుమతిస్తే విచారణ ప్రభావితమగును."

"మరి పర్మనెంటు చేస్తానన్నారు కదండీ."

"చేశాం కదమ్మా" అన్నారాయన, ఎంతో మృదువుగా. "విచారణ పూర్తయ్యేవరకూ ఆ స్థానం నుంచి అతన్ని ఎవరూ కదపలేరు. నాకే ఆ భద్రత లేదు."

క్యారియరు రోజూ అత్త తీసుకెళ్తుంది. షెడ్డు గేటు దగ్గర బంట్రోతు తీసుకుని లోపలికి పంపిస్తాడు. మఫ్లరు కూడా క్యారియరుకి చుట్టి పంపాను. దాన్ని మెడకి చుట్టుకున్నాడో, గిన్నె పట్టుకోవడానికి వాడుతున్నాడో తెలీదు.

మొదట్లో ఫోన్లో మాట్లాడేవాడు.

"దానియేలు మంచోడే సుగుణా. ఆడికీ సిన్న గుంటడున్నాడు. ఇంకా మెడ నిలపలేదంట. ఇద్దరం కలిసి కూకుంటన్నాం, కలిసి లెగుస్తన్నాం."

"మావా, ఇద్దరూ ఒకేసారి బయటికొచ్చేయచ్చు కదా? అప్పుడెవరూ ఎవర్నీ వదిలినట్టు కాదు."

"అదీ అనుకున్నాం. ఒకటి, రెండు, మూడు అని లెక్కెట్టాం."

"మరి?"

"నేను ఆడు కదుల్తాడేమోనని సూసేను. ఆడు నేను కదుల్తానేమోనని సూసేడు."

"చేతులు రుద్దుకో" అన్నాను.

"రుద్దుకుంటన్నాన్లే. పండు నడుస్తందా?"

నడుస్తోంది అనబోయాను. అప్పటికి పండు ఏం చేస్తోందో నా కళ్లముందే ఉంది. ముందుకి వెళ్లనివ్వరని దానికి అర్థమైపోయింది. నవ్వుకుంటూ, అప్పలస్వామి గారి మొహంలోకే చూస్తూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. ముందుకి కదిలితే అడ్డం నిలబడమన్నారు గానీ వెనక్కి కదిలితే ఏం చెయ్యాలో ఆయనకెవరూ చెప్పలేదు. పైకి రాసి అడిగారట, జవాబు రాలేదు. పిల్ల అలాగే వెనక్కి నడుచుకుంటూ గుమ్మందాకా వెళ్లిపోతోంది. "డిఫెన్సివ్ ఫార్వర్డుకి ఉండాల్సిన లక్షణమే చెల్లెమ్మా, పెద్దయితే పనికొస్తుంది" అన్నారాయన. ఓదార్పుకే అన్నారని తెలుసు.

నేను జవాబు చెప్పేలోపు ఫోను ఆగిపోయింది. చలికి బ్యాటరీ చచ్చిపోతుందట. తర్వాత మోగలేదు.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. విచారణ సంఘం బంతిని పరీక్షకి పంపింది. బంతి ఏ విభాగం కిందికి వస్తుందో తేలాలట. పిల్లని తీసుకుని ఆ చలి గేటు దగ్గరికి నేను వెళ్లలేను. ఒక్కదాన్నే వెళ్లినా, గోలు కొట్టిన పక్షంవాళ్లమని చూడనివ్వరు. బయటివాళ్లకి మాత్రం అడ్డులేదు. క్రీడాస్ఫూర్తి పెంపొందాలని రోడ్డువైపు ఒక కిటికీ తెరిచి ఉంచారు, ఎవరైనా ఆగి చూడొచ్చు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నాను. గవ్వలపాలెం రేవుకి చేపలకో దేనికో వచ్చినప్పుడు, ఐసు ఫ్యాక్టరీ పక్కన ఒక్క నిమిషం ఆగండి. కిటికీలోంచి చూస్తే ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి ఉంటారు. ఆకుపచ్చ మఫ్లరున్నాయన మా ఆయన. అది చెవులమీదకి ఉందో లేదో చూడండి. లేకపోతే లాక్కోమనండి. పెదవులు నల్లబడ్డాయేమో చూడండి. రెండో ఆయన్ని కూడా చూడండి, ఆయనకి మఫ్లరు పంపేవాళ్లున్నారో లేదో నాకు తెలీదు. ఇద్దర్నీ చేతులు రుద్దుకోమనండి. మీకు జలుబుంటే మాత్రం దూరంనుంచే చెప్పండి.

పిల్ల నడుస్తోందని చెప్పండి. ఎటు నడుస్తోందో చెప్పకండి.